పెంచిన తులిప్పులు, పెంచానని చెప్పినవి

మాది కడియం పక్క కడియపులంక అని చెప్పగానే ఎదుటివాళ్లు నా చేతుల వైపు చూస్తారు. తూర్పు గోదావరిలో ఆ చుట్టుపక్కలంతా నర్సరీలే కదా, ఈమె వేలు గుచ్చిన చోటల్లా మొక్క మొలుస్తుందని వాళ్ల నమ్మకం. నిజానికి మా ఇంటికి కుడిపక్క గులాబీల నర్సరీ, ఎడమపక్క క్రోటన్ల నర్సరీ, మధ్యలో మా నాన్న టైలరు కొట్టు. నాకు కాజాలు కుట్టడం వచ్చు. మొక్కల గురించి నాకు తెలిసిందల్లా, పక్కవాళ్లు పైపుతో నీళ్లు కొట్టే వేళకి మా బట్టలు దండెం మీంచి తీసేయాలని.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ నర్సుగా చేరాక ఏడేళ్ల పాటు ఆ గౌరవాన్ని అనుభవించాను. మనీప్లాంటు ఆకులు పండిపోతున్నాయని ఫిలిప్పీన్ నర్సు అడిగితే "నీళ్లు ఎక్కువయ్యాయి" అన్నాను. కరివేపాకు ఎదగడం లేదని మలయాళీ నర్సు అడిగితే "నీళ్లు తక్కువయ్యాయి" అన్నాను. నా వైద్యమంతా ఈ రెండు మందులే. బతికిన మొక్కలు నా ఖాతాలోకి వచ్చేవి. చచ్చిపోయిన మొక్కల పాపం వాళ్లే నెత్తిన వేసుకునేవారు. "నువ్వు చెప్పినట్టు చేయలేదు దయా, నాదే తప్పు" అనేవారు. నేను పెద్దమనసుతో క్షమించేదాన్ని.

అలా నడుస్తుండగా 2004 అక్టోబరులో ఉమ్ సైఫ్ నన్ను పట్టుకుంది.

ఉమ్ సైఫ్ అంటే సైఫ్ వాళ్లమ్మ. అక్కడివాళ్లు పెద్ద కొడుకు పేరుతోనే తల్లిని పిలుస్తారు. అరవై దాటిన మనిషి. ఊరి చివర ఖర్జూరం తోట ఉంది. వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మా మిషన్ పక్కన కుర్చీలో పడుకునేది. ఆమెది అరబ్బీ. నాది ఆసుపత్రిలో ఏరుకున్న అరబ్బీ. మా మాటలు ఇక్కడ తెలుగులో కాస్త మర్యాదగా కనబడతాయి గానీ, అసలు నేను మాట్లాడినవి "నీ బరువు ఎక్కడ పెట్టావు" లాంటి వాక్యాలే.

ఆ రోజు ఆమె సంచిలోంచి ఒక వల సంచీ తీసింది. అందులో గోధుమరంగు పొరలతో చిన్న చిన్న గడ్డలు. కొడుకు వ్యాపారం పని మీద హాలెండ్ వెళ్లి తెచ్చాడట. పైన రంగురంగుల తులిప్ పూల బొమ్మ.

"ఇవి ఎవరికైనా పెంచడం వచ్చా?" అని వార్డంతా వినపడేలా అడిగింది.

ఆరుగురు నర్సులు ఒకేసారి నా వైపు చూశారు. అప్పుడైనా నోరు మూసుకుని బీపీ చూసుకోవలసింది. "నాది కడియం. అక్కడ పూలు లేని ఇల్లు లేదు" అన్నాను. రెండో వాక్యంలో అబద్ధం లేదు, మా ఇల్లు తప్ప.

"యల్లా, అయితే నీకే" అని యాభై గడ్డలు నా చేతిలో పెట్టింది.

ఆ శుక్రవారం ఉమ్ అల్ క్వైన్‌లో స్టోర్ కీపరుగా పనిచేసే మా ఆయన జోషువాకి ఫోను చేసి చెప్పాను.

"నువ్వా? తులిప్పులా? నీకు కొత్తిమీరకీ పుదీనాకీ తేడా తెలీదు కదే."

"వాసన చూసి చెప్తాను."

"అయితే వాటినీ వాసన చూసే పెంచు" అని ఫోను పెట్టేశాడు.

మా నర్సుల క్వార్టర్స్‌లో వంటగది వెనక రెండడుగుల వెడల్పున ఇసకనేల ఉంది. అక్టోబరు ఆఖరు. మధ్యాహ్నం ఎండ ఇంకా ముప్పైఆరు డిగ్రీలు. నేనూ, నా గదిలో ఉండే పాలకొల్లు పిల్ల తబితా, గరిటెలు పట్టుకుని కూర్చున్నాం.

"అక్కా, ఇందులో ఏది పైకి, ఏది కిందకి?" అంది తబితా గడ్డని అటూ ఇటూ తిప్పుతూ.

నాకూ అదే అనుమానం. "ఎలా పెట్టినా పర్లేదు, దానికి తెలుసు" అన్నాను గంభీరంగా. తబితా నన్ను భక్తిగా చూసింది. పొద్దున బిందెడు, సాయంత్రం బిందెడు నీళ్లు పోశాం. ఎందుకైనా మంచిదని పశువుల ఎరువు కూడా ఒక సంచీ కొని కుమ్మరించాను.

ఉమ్ సైఫ్ వచ్చిన ప్రతిసారీ అడిగేది. నవంబరులో "మొలక కనబడుతోంది" అన్నాను. అప్పటికి కనబడింది చీమలు. డిసెంబరులో "మూడాకులు వేసింది" అన్నాను. జనవరిలో "మొగ్గ తొడిగింది" అని కూడా అనేశాను. అంత నీట్‌గా, రోజు తప్పకుండా ఎదిగిన మొక్క నా జీవితంలో ఇంకొకటి లేదు. ఆ సాయంత్రమే భయం వేసి నేల తవ్వి చూశాను. యాభై గడ్డల్లో ఒక్కటీ గడ్డగా లేదు. కుళ్లి, ముట్టుకుంటే జావలా జారిపోయాయి. ఆ కంపుకి తబితా వంటగది కిటికీ మూసేసింది.

"అక్కా, ఇదేంటి ఇలా అయింది?"

"నీళ్లు ఎక్కువయ్యాయి" అన్నాను. ఆ ఏడేళ్లలో నేను చెప్పిన జబ్బు నిజంగా ఉన్నది అప్పుడొక్కసారే అనుకుంటాను.

మరుసటి వారం ఉమ్ సైఫ్ రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. పొటాషియం చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీలు పనిచేయనివాళ్లకి అది ప్రమాదం, గుండె ఆగిపోవచ్చు. ఖర్జూరాలు తినొద్దని మేం మొత్తుకునేదే అందుకు. రిపోర్టు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

"ఎన్ని తిన్నావు?"

"ఒక్కటీ తినలేదు, వల్లాహ్."

"అబద్ధం. ఇదిగో, కాగితం చెప్తోంది. పదికి తక్కువ తినలేదు."

ఆమె నెమ్మదిగా అంది. "నేను అబద్ధమాడితే నువ్వు నా పొటాషియం చూసి పట్టుకుంటావు. నువ్వు ఆడితే నేను నీ పొటాషియం ఎక్కడ చూడను, సిస్టర్ దయా?"

ఇక లాభం లేదని అంతా చెప్పేశాను. మొలక, మూడాకులు, మొగ్గ, అన్నీ. మా నాన్న టైలరని కూడా చెప్పాను. ఆమె కోప్పడుతుందని, కొడుకుతో ముదీర్‌కి, అంటే మా పై అధికారికి, చెప్పిస్తుందని అనుకున్నాను. ఆమె నవ్వింది. మిషన్ అలారం మోగేంతగా నవ్వింది.

"నేను పది గడ్డలు నా దగ్గర ఉంచుకుని తోటలో పాతించాను. నవంబరుకే కుళ్లిపోయాయి. నువ్వు మూడాకులు అన్న రోజే నాకు తెలుసు."

"మరి అడగలేదేం?"

"నీ కథ బాగుంది. ఇక్కడ నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవాలి. పువ్వు ఏ రంగంటావో విందామని ఆగాను."

ఆ రోజు మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఆమె ఎన్ని ఖర్జూరాలు తింటే అన్నీ చెప్పాలి. మొక్కల విషయంలో నేను జరిగిందే చెప్పాలి. మళ్లీ సీజనుకి నిజంగా పెంచాలి.

నిజంగా పెంచాలంటే నిజంగా తెలిసినవాళ్లు కావాలి. ఆసుపత్రి తోటలో పనిచేసే నూర్ మొహమ్మద్‌ది రాయచోటి. ముందు ముఖ్యద్వారం దగ్గర పెటూనియాలు పెంచేది ఆయనే. ఏడేళ్లుగా ఆయన పక్క నుంచి నడుస్తూ, ఒక నిపుణురాలు ఇంకో నిపుణుడిని పలకరించినట్టు తలూపేదాన్ని. ఇప్పుడు వెళ్లి అడిగాను.

"సిస్టరమ్మా, ఇది చలిదేశం గడ్డ" అన్నాడాయన, పారకి ఆనుకుని. "మంచులో పండుకోని లేస్తేనే పువ్వేస్తాది. ఈడ మంచు యాడుండాది? మనకి ఫ్రిజ్జే మంచు. పది వారాలు ఫ్రిజ్జులో పెట్టల్ల. పైన ఐసు కాడ గాదు, కింద కూరగాయలు పెట్టే కాడ. డిసెంబరు ఆఖర్లో తీసి నాటల్ల."

"పది వారాలా?"

"ఊఁ. ఇంగో మాట. దాని పక్కన ఆపిలు గానీ, అరటిపండు గానీ, ఏ పండూ పెట్టగూడదు. పండు మాగేటప్పుడు ఒగ గాలి ఇడుస్తాది. అది తగిల్తే గడ్డ లోపలుండే పువ్వు సచ్చిపోతాది. ఆకు వస్తాది, పువ్వు రాదు."

"మీకెలా తెలుసండీ?"

"ముందు ఒగ ప్యాలెస్ తోటలో జేసినా. ఆడికి ఈ గడ్డలు ఏసీ లారీల్లో దిగేటివి." ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అవునూ, మీది కడియం గదా? మీకు తెలీదా?"

"మీకు తెలుసో లేదో చూద్దామని అడిగాను" అన్నాను. ఒప్పందం ఉమ్ సైఫ్‌తో మాత్రమే కదా.

2005 సెప్టెంబరులో సైఫ్ ఒక తులిప్ గడ్డల కేటలాగు తెప్పించాడు. రెండు వందల రంగులు. ఉమ్ సైఫ్ ఒక చెయ్యి మిషన్‌కి ఇచ్చి, రెండో చేత్తో పేజీలు తిప్పేది. నేను సూదులు చూసుకుంటూ పేర్లు చదివేదాన్ని. మొదటి పేజీ నిండా ఎర్రటి తులిప్పులు. చాలా బాగున్నాయి. అవే తెప్పిద్దామన్నాను.

"ఎరుపు వద్దు" అందామె, తన చేతి నుంచి మిషన్‌లోకి పోతున్న గొట్టం చూపిస్తూ. "వారానికి పన్నెండు గంటలు ఎరుపే చూస్తున్నాను."

అంత మాట అన్నాక ఎరుపు పేజీ నేనే తిప్పేశాను. పసుపు ఆమెకి నచ్చింది. తెలుపులో ఊదా చారలున్నది నచ్చింది. ఒకటి నలుపులా కనబడేంత ముదురు వంకాయ రంగు. దాని పేరుకి అర్థం రాత్రి రాణి లాంటిదేదో అనిపించింది. మన రాత్రిరాణి గుర్తొచ్చి "ఇది విచ్చుకుంటే ఇల్లంతా వాసన" అని హామీ ఇచ్చేశాను. నాలుగోది నాకు వదిలేసింది. నేను లేత గులాబీరంగు ఎంచుకున్నాను. మొత్తం నలభైఎనిమిది గడ్డలు. ఈ నాలుగు రంగులు తేల్చడానికి మాకు ఆరు డయాలిసిస్‌లు పట్టింది. ఆ ఆరుసార్లూ ఆమె ఇంటికెప్పుడు పోతానని అడగలేదు.

అక్టోబరు మధ్యలో గడ్డలు మా ఫ్రిజ్జులోకి దిగాయి. పసుపూ చారలూ ఒక సంచీ, వంకాయరంగూ గులాబీ ఒక సంచీ. ఆ ఫ్రిజ్జు మా నలుగురిది. తలుపు మీద పెద్ద అక్షరాలతో నోటీసు అంటించాను. 'డిసెంబరు 26 దాకా ఏ పండూ పెట్టరాదు. పెడితే ఊరుకోను.'

"అక్కా, ఇది ఫ్రిజ్జా, ఐసీయూనా?" అంది తబితా. పాపం వాళ్లు అరటిపళ్లు కిటికీలో పెట్టుకుని, నల్లబడ్డవి తిన్నారు. నెల్లూరు నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ ఖుర్షీదా ద్రాక్షపళ్లు తెచ్చిన రోజు వాటిని నేనే బయటికి తీసి, పది నిమిషాలు క్లాసు పీకాను. పండు విడిచే గాలి గురించి రాయచోటి పాండిత్యమంతా నాదన్నట్టు చెప్పాను.

నవంబరులో ఒక పేషెంటు ఇంటికి వెళ్తూ నాకు రెండు కిలోల ఆపిల్స్ ఇచ్చాడు. ఆ రోజు వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చాను. కళ్లు మూసుకుపోతున్నాయి. సంచీ ఫ్రిజ్జు కింది అరలో తోసేసి పడుకున్నాను. రెండు వారాల తర్వాత టమాటాల కోసం వంగితే, గులాబీ, వంకాయరంగు గడ్డల మీద ఆనుకుని నా ఆపిల్స్ కనబడ్డాయి. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. సింకు దగ్గర నిలబడి తినగలిగినన్ని తిన్నాను, మిగిలినవి వీధి చివర చెత్తడబ్బాలో వేసొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాదులే అనుకున్నాను. నోటీసు మాత్రం అలాగే ఉంచాను.

క్రిస్మస్ మర్నాడు నూర్ మొహమ్మద్ పన్నెండు కుండీలు తెచ్చి, ఇసకా, కొబ్బరిపొట్టూ కలిపి నింపి, కుండీకి నాలుగు గడ్డల చొప్పున పెట్టించాడు. "మొన పైకి" అన్నాడు. తబితా నా వైపు తిరిగింది. నేను చేతులకి అంటిన మట్టి దులుపుకోవడంలో మునిగిపోయాను. ఈసారి వేలు పెట్టి చూసి, మట్టి ఆరితేనే నీళ్లు పొయ్యాలన్నాడు. బిందె నా దగ్గర నుంచి తీసేసుకుని గ్లాసు ఇచ్చాడు.

జనవరి మూడోవారంలో నిజమైన మొలక వచ్చింది. ఆకుపచ్చ ముక్కు ఒకటి ఇసకలోంచి. డ్యూటీకి వెళ్లగానే ఉమ్ సైఫ్‌తో చెప్పాను.

"ఒట్టు?"

"ఒట్టు. ఒకటే. చిటికెన వేలి గోరంత."

"నిరుడు ఇంకా పెద్దది చెప్పావు" అంది. "నేను ఈ వారం నాలుగు ఖర్జూరాలు తిన్నాను. రాసుకో."

ఫిబ్రవరి మూడోవారానికి ఆరు కుండీల్లో మొగ్గలు విచ్చాయి. పసుపువీ, చారలవీ కలిపి పంతొమ్మిది పూలు. కాడలు పొట్టి, బొమ్మలో ఉన్నదానిలో సగం. అయినా పొద్దుటి ఎండకి గిన్నెల్లా తెరుచుకుని, సాయంత్రానికి మూసుకునేవి. నేను పళ్లు తోముకుంటూ వాటి ముందు నిలబడిపోయేదాన్ని. మిగిలిన ఆరు కుండీల్లో గులాబీ లేదు, వంకాయ లేదు. దిట్టమైన ఆకులు, అంతే.

నూర్ మొహమ్మద్ చూసి తల పంకించాడు. "ఈ సంచి కాడ ఎవరో పండు పెట్టినారమ్మా."

"నేను కాదు, దేవుడి తోడు" అంది తబితా. "నేను నల్ల అరటిపళ్లు తిన్నానన్నా, పది వారాలు!"

"మరి నేనంటారా?" అని లేచింది ఖుర్షీదా. "ద్రాక్షపళ్లు గంట కూడా లేవు దాన్లో!"

ఇద్దరూ మాటా మాటా అనుకుని, మధ్యాహ్నం దాకా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. నేను మధ్యలో కూర్చుని పప్పు తిన్నాను. ముద్ద దిగలేదని చెప్పాలనుంది గానీ, దిగింది. రెండోసారి వడ్డించుకోబోతుంటే తబితా కళ్లు తుడుచుకోవడం చూశాను. అప్పుడు చెప్పాను. "ఆపిల్స్ నావే."

తబితా లేచి వెళ్లి ఫ్రిజ్జు మీద నోటీసు పీకి, నాలుగు మడతలు పెట్టి నా కంచం పక్కన పెట్టింది. రెండు రోజులు నన్ను అక్కా అనలేదు, సిస్టర్ దయాకుమారి అంది.

పసుపు కుండీ ఒకటీ, చారల కుండీ ఒకటీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డయాలిసిస్ వార్డు తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. ఎదురుగా మూడు భాషల్లో నోటీసు. మట్టి కుండీలు, పూలు లోపలికి తేరాదు. పేషెంట్లకి ఇన్ఫెక్షన్ వస్తుంది. కింద సంతకం నాదే. నిరుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత నాకిచ్చినప్పుడు మహా ఉత్సాహంగా రాసింది. ఇలా నోటీసులు రాసే అలవాటు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

చేసేదిలేక బయట వరండాలో, చక్రాల కుర్చీలు దిగేచోట కుండీలు పెట్టి నిలబడ్డాను. సైఫ్ కారు వచ్చింది. ఉమ్ సైఫ్ కుర్చీలో కూర్చుని, నన్ను చూసి, నా కాళ్ల దగ్గర చూసింది. కుర్చీని కుండీల దగ్గరికి తోయించుకుంది. కిందికి వంగలేదు కదా, నేను కుండీ ఎత్తి ఒళ్లో పెట్టాను. చంటిపిల్ల గడ్డం పట్టుకున్నట్టు ఒక పసుపు పువ్వుని రెండు వేళ్లతో పైకెత్తి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన లేదు."

"లేదు" అన్నాను. "వాసన సంగతి కూడా నేను కల్పించిందే. ఆ నల్లవి అసలు పూయనే లేదు. నా ఆపిల్స్ వల్ల."

"పొట్టిగా ఉన్నాయి" అంది మళ్లీ. ఆ మాటంటూ కుండీ చుట్టూ రెండు చేతులూ వేసింది. నలభై నిమిషాలు కదల్లేదు. డాక్టరు లోపల్నుంచి రెండుసార్లు మనిషిని పంపాడు. పక్క కుర్చీ పేషెంటు, ఒక సూడానీ ముసలాయన, తనని కూడా బయటికి తొయ్యమన్నాడు. తర్వాత ఇంకొకరు. ఆ రోజు షిఫ్టంతా ఆలస్యమైంది. నాకు చీవాట్లు పడ్డాయి. ఎవరైనా సిక్‌గా ఉన్నారా అని అడిగితే, లేదు, తులిప్పులు చూస్తున్నారని చెప్పాల్సి వచ్చింది.

పూలు తొమ్మిది రోజులున్నాయి. ఆమె నాలుగుసార్లు చూసింది. నాలుగోసారికి రెక్కలు రాలుతుంటే వాటిని ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

2007 వేసవిలో ఉమ్ సైఫ్‌కి విదేశంలో కిడ్నీ మార్పిడి జరిగింది. బాగా కుదిరింది. మా వార్డులో అంతకు మించిన శుభవార్త ఉండదు, పేషెంటు మళ్లీ రాకపోవడం. సెప్టెంబరులో చెకప్‌కి వచ్చి, నడుచుకుంటూ మా దగ్గరికొచ్చింది. బుగ్గలు నిండాయి. నాకో సంచీ ఇచ్చింది. లోపల బెండకాయలు, తోటలో కాసినవి.

"ఈ ఏడాది గడ్డలు ఎన్ని తెప్పిద్దాం?" అన్నాను.

"తులిప్పులా? ఖలాస్" అంది చెయ్యి ఊపుతూ. "పది వారాలు ఫ్రిజ్జులో పెట్టి, తొమ్మిది రోజులు చూడ్డం. పడుకుని ఉన్నవాళ్లకి అవి బాగుంటాయి. నాకిప్పుడు బోలెడు పనుంది."

నాకు కాస్త మనసు నొచ్చుకుంది. ఆమె కోసం చేస్తున్నాననే అప్పటిదాకా అనుకున్నాను. ఇంటికెళ్లి బెండకాయ వేపుడు చేసుకుని తిని, వారం తర్వాత దుబాయ్ వెళ్లే తబితాకి డబ్బులిచ్చి పది గడ్డలు తెమ్మన్నాను. అడిగినవాళ్లు లేరు. పూస్తాయని ఎవరికీ చెప్పలేదు. ఏ రంగో కూడా సంచీ మీద రాసి లేదు.

2008 ఫిబ్రవరిలో పదిలో ఏడు పూశాయి. అన్నీ నారింజ రంగు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తుంటే క్వార్టర్స్ గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ ఆయన, జగిత్యాల మనిషి, వంటగది వెనక కుండీల ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గభాలున లేచాడు.

"మేడం, గివి ప్లాస్టిక్‌వా?"

"ముట్టుకుని చూడండి."

టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒక రెక్కని వేలితో నెమ్మదిగా తాకాడు. మళ్లీ తాకాడు.

"అసలువే!" అన్నాడు. "మీరే పెంచిన్రా?"

"నేనే. మూడు పోయాయి."

ఆ మూడింటి సంగతి ఆయన వినలేదు. నడుముకున్న వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని అవతలి గేటు అతన్ని పిలుస్తున్నాడు. "అరే, జల్ది ఇటు రా, పూలున్నయ్... ఏం పూలో నాకేమెర్క, నువ్వయితే రా."